అందరి చేతుల గోడ

మద్రసా ప్రహరీకి రంగులు వేయించాలని తలచినప్పుడు, పిల్లల చేతికిస్తే గోడ పాడవుతుందని, పెయింటర్‌ను పిలవడమే మేలని పెద్దలన్నారు. మేము వారికి మాలీ దేశంలోని జెన్నే మస్జిదును గూర్చి వివరించాము. 1907లో నేటి రూపు దాల్చిన ఆ మట్టి కట్టడాన్ని వానలు కోసివేస్తాయి. ఏటేటా ఊరంతా కలిసి మళ్లీ మెత్తుతుంది. బాలురు ఊక కలిపిన మట్టిని తొక్కుతారు, స్త్రీలు నీళ్లు మోస్తారు, మేస్త్రీలు గోడలో పాతిన తాటికర్రలపై నిలిచి చేతులతో పూస్తారు. మస్జిదె నబవీ నిర్మాణంలో దైవప్రవక్త (స) సైతం స్వయంగా ఇటుకలు మోశారు కదా!

పెద్దలు సమ్మతించారు. ప్రాణుల బొమ్మలు వద్దనుకొని తీగలు, నక్షత్రాలు, అక్షరాలు ఎంచుకున్నాము. మొహల్లా తల్లులు కాగితంపై నమూనాలు గీసి పంపారు. సబఖ్ అప్పజెప్పలేక ఎప్పుడూ వెనుక వరుసలో కూర్చునే ఒక బాలుడు దారం, సుద్దముక్కతో ఎనిమిది కోణాల నక్షత్రాన్ని చక్కగా గీశాడు. హాఫిజ్ కాబోతున్న పిల్లలు అతని వద్ద నేర్చుకున్నారు. ఆ మరుసటి వారం నుండి అతడు ముందు వరుసలో కూర్చుంటున్నాడు.

గోడపై కొన్ని వంకర గీతలున్నాయి. వాటిని దిద్దించలేదు. ఏ గీత ఎవరి బిడ్డదో మొహల్లాకు తెలుసు. ఇప్పుడా గోడపై ఎవరూ ఉమ్మరు, కాగితాలు అంటించరు.

సోదర సోదరీమణులారా! మీ వీధి గోడను కూడా ఒకసారి పిల్లల చేతికిచ్చి చూడండి.