పొద్దుగూకినా ఎందుకీ సెగ?

రాత్రి తొమ్మిదైంది. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో మేడమీది ఇరుకు గది. ఫ్యాను తిరుగుతూనే ఉంది... వేడిగాలే! చాపమీద వెల్లకిలా పడుకున్న పిల్లాడికి పైకప్పు నుంచి మొహంమీద సెగ కొడుతోంది.

‘‘సూర్యుడు ఎప్పుడో పోయిండు కదనే అమ్మా, ఇంకా ఎందుకింత ఉడుకు?’’

అమ్మకు జవాబు తెలియదు. పొద్దంతా ఎదురుగా ఉన్న అద్దాల భవనంలో నేల తుడిచి వచ్చింది. అక్కడ ఏసీ చల్లదనం. ఇక్కడ కంటిమీద కునుకుండదు. తెల్లారి ఆరింటికల్లా మళ్లీ డ్యూటీ.

పిల్లాడి ప్రశ్న చిన్నదేం కాదు. 1822లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జోసెఫ్ ఫోరియర్ వేడి ప్రయాణం మీదే పెద్ద పుస్తకం రాశాడు. వేడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుంది. ఎంత వేగంగా అన్నది పదార్థాన్నీ మందాన్నీ బట్టి ఉంటుంది. పొయ్యిమీది ఇనుప గరిటె చుర్రుమంటుంది, దాని చెక్క పిడి మాత్రం కాలదు కదా! పల్చటి రేకు మధ్యాహ్నమే మాడ్చేసి, పొద్దుగూకగానే చల్లారుతుంది. అయిదారు అంగుళాల స్లాబు అలా కాదు. పైన పడిన ఎండ కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పగలంతా దాచుకున్నది రాత్రి గదిలోకి వదులుతుంది.

పాలమూరులో అమ్మమ్మది మట్టిమిద్దె. గోడలు అడుగున్నర మందం. మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికే అది బాగా నీరసపడి ఉంటుంది.

మరి అద్దాల మేడ? ఎండను లోపలికి రానిస్తుంది, లోపలి సెగను మాత్రం తేలిగ్గా బయటికి పోనివ్వదు. దాన్ని ఏసీలు తోడి బయట పోస్తాయి. ఆ వేడిగాలి పడేదీ పక్కనున్న ఇళ్ల మీదే.

వేడిని లోపలికి వచ్చాక తరిమేకన్నా గడపలోనే ఆపడం మేలు. తెల్లటి పైకప్పు ఎండలో చాలాభాగాన్ని వెనక్కి పంపేస్తుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్‌రూఫ్ విధానం సారాంశమూ ఇదే.

ఆదివారం ఇంటి ఓనరును అడిగి, తల్లీకొడుకులు నల్లబారిన డాబాకు రెండు పూతలు సున్నం వేశారు. ఎండాకాలం ఎక్కడికీ పోలేదు. కానీ సోమవారం రాత్రి పిల్లాడు ప్రశ్నలేమీ అడగలేదు... నిద్రపోయాడు!