మగ్గం మా ఇంట్లోనే వుంది

ఇంగ్లీషు క్రియలకు అల్లుళ్ల స్వభావం వుంది. కొన్ని చెప్పినట్టు వింటాయి. చివర 'డ్' తగిలిస్తే చాలు, బుద్ధిగా భూతకాలంలోకి నడుస్తాయి. కొన్ని మాత్రం అలిగి ముఖమే మార్చుకుంటాయి.

'వీవ్' అలాంటి అల్లుడే. నేయడమని అర్థం. నేశాడనడానికి 'వోవ్', నేసినదనడానికి 'వోవెన్' అంటారు. 'వీవ్డ్' అని రాస్తే సాధారణంగా కొట్టేస్తారు. కాని ఆ రూపమూ నిఘంటువుల్లో లేకపోలేదు. రద్దీలో సందులు చూసుకుంటూ మెలికలు తిరిగి పోవడానికి దాన్ని వాడతారు. ఆదోనిలో పత్తి బండ్ల మధ్య మోటారు సైకిలువాడు పోయే పోకడ అన్నమాట! అది పుట్టుకతోనే వేరే క్రియ అని పండితులు చెబుతారు. ఇంకో వింత చూడండి: 'నేసిన' అనే అర్థంలో ఒట్టి 'వోవ్' కూడా ఒకచోట బతికివుంది. నేసిన తీగ జల్లెడ మీద తయారైన నున్నని కాగితాన్ని 'వోవ్ పేపర్' అంటారు. 1757లో బాస్కర్‌విల్ వర్జిల్ కావ్యాలను అచ్చువేసినప్పుడు అలాంటి కాగితం వాడాడు.

తెలుగు మేష్టారికి ఈ గొడవ యెందుకంటారా? వస్తున్నా.

మా కాలేజీకి ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె వుంది. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారికి సహకార సంఘం పెట్టిన వూరు అది. నేతవారి బిడ్డ. ఇంగ్లీషులో 'మా నాన్న' అని వ్యాసం రాస్తూ 'వీవ్డ్' అని రాసిందట. తోటివాళ్లు నవ్వారు. దిద్ది 'వోవ్' చేశారు. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నగితే నగినార్లే సార్. 'వోవ్' అంటే మా నాయన నేసేది అయిపోయినట్టుంటుంది గదా?"

విషయం అప్పుడు బయటపడింది. ఆరు నెలలుగా మగ్గం ఆగిపోయింది. ఆయన ఆదోని జిన్నింగు మిల్లులో బేళ్లు మోస్తున్నాడు. మగ్గాన్ని మాత్రం గుంటలోంచి తీయలేదు.

"'హ్యాజ్ వోవెన్' అని రాయమ్మా. నేశాడు, ఆ నేతతో సంబంధం యింకా తెగలేదని అర్థం" అన్నాను.

"మల్లా నేస్తాడని దాంట్లో వుంటుందా సార్?"

"నేస్తాడనీ వుండదు, నేయడనీ వుండదు."

కాసేపు ఆలోచించి తల వూపింది.

ఆమె వెళ్లాక నాకు మన మాట గుర్తుకొచ్చింది. 'నాయన నేసిన చీర' అంటాం, 'చీర నేసిన నాయన' అంటాం. నేసిన మగ్గం, నేసిన చెయ్యి, నేసిన రోజు అనీ అంటాం. వ్యాకరణంలో ధాతుజ విశేషణమనే ఈ ఒక్క రూపం పనినీ, మనిషినీ, పనిముట్టునూ కలిపి పట్టుకుంటుంది. ఇంగ్లీషు 'వోవెన్' నేసిన వస్తువుకే అంటుకుంటుంది. నేసిన మనిషికి అంటదు. అంగళ్లలో బట్టకు వేలాడే 'హ్యాండ్ వోవెన్' అట్టముక్క చూడండి. అందులో చెయ్యి వుంది, మనిషి లేడు. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. 2006లో చేనేత గుర్తు వచ్చింది. బేరమాడేటప్పుడు ఆ మనిషిని తలుచుకునే పని మాత్రం మనదే.

మర్నాడు ఆమెకు ఇంకో సంగతి చెప్పాను. 1828లో అమెరికాలో పెద్ద నిఘంటువు వేసినాయన ఇంటిపేరు వెబ్‌స్టర్. పాత ఇంగ్లీషులో ఆ మాట మొదట నేసే ఆడమనిషికి చెప్పింది.

ఆ పిల్ల ముఖం విప్పారింది. "ఆసు పోసేది, కండెలు చుట్టేది మా అమ్మే సార్. మా అమ్మ గూడా వ్యాసంలోకి రావాల" అంది.

తిరగరాసిన వ్యాసం తెచ్చి చూపించింది. 'హ్యాజ్ వోవెన్' వుంది. అమ్మ కూడా వచ్చింది. చివర కొత్తగా ఒక చిన్న వాక్యం చేర్చింది: మగ్గం మా ఇంట్లోనే వుంది. వర్తమానకాలం. అందులో దిద్దవలసిందేమీ లేదు.