హోటలు గుమ్మంలో జపాను కారు

లాస్ ఏంజిలస్‌లో మనిషికి కాళ్ళుండీ ప్రయోజనం లేదు. పాలసీసా తెచ్చుకోవాలన్నా కారు తియ్యవలసిందే. ఆ వూళ్ళో యెవరు యేపాటివారో చొక్కా చూసి చెప్పలేం. మాసిన బనీను తొడుక్కుని తిరిగే కోటీశ్వరులు వున్నారట. కారును చూసి పోల్చుకోవాలి.

యీ సంగతి నాకు బెవర్లీ హిల్స్‌లో ఒక పెద్ద హోటలు గుమ్మం దగ్గర బోధపడింది. అక్కడ యెవరి కారు వారు నిలుపుకోరు. గుమ్మంలో దిగి తాళంచెవి నౌకరు కుర్రాడి చేతిలో పెడితే, అతను కారు యెక్కడో వెనక పెట్టి వచ్చి చీటీ యిస్తాడు. అయితే అన్ని కార్లూ వెనక్కి పోవు. రోల్స్‌రాయిస్, బెంట్లీ, ఫెరారీ వంటివి వస్తే గుమ్మం యెదుటనే, పదిమంది కంట పడేట్టు నిలుపుతారు. పెళ్ళిలో జరీ పంచెలవారికి ముందు వరసలో కుర్చీలు వేసినట్టన్నమాట. మా మేనల్లుడి లెక్సస్ కారును ఆ కుర్రాడు మర్యాదగా అందుకుని, అంత మర్యాదగానూ వెనక్కి తీసుకుపోయాడు.

"చూశావా మామయ్యా! యిక్కడ డబ్బున్నవాడు కారు కొనేది యెక్కడానికి కాదు, దిగడానికి!" అన్నాడు మావాడు.

అతను మోటారు పిచ్చివాడు. గుమ్మంలో వున్న ఆరేడు కార్లలో జపానుది ఒక్కటీ లేదని అతని బాధ. రోడ్డెక్కితే యెటు చూసినా టొయోటాలూ, హోండాలూను. రోడ్డును గెలిచినవాళ్ళు గుమ్మాన్ని గెలవలేరా? ఆ పూట మొదలైన వాదం నేను విమానం యెక్కేదాకా తెగలేదు.

అమెరికాలో టొయోటా కంపెనీ దుకాణం తెరిచింది కూడా యీ వూళ్ళోనే, హాలీవుడ్‌లో, 1957 అక్టోబరులో. తెచ్చిన బండి పేరు టొయోపెట్ క్రౌన్. స్వదేశపు గతుకుల రోడ్లకూ, టాక్సీవాళ్ళ మోటు చేతులకూ ఓర్చుకునేట్టు కట్టిన బండి అది. కాలిఫోర్నియా ఫ్రీవే యెక్కి వేగం అందుకునేసరికి వొణికింది, యింజను కాగిపోయింది. 1958 సంవత్సరమంతా కలిసి 287 క్రౌన్లు అమ్ముడుపోయాయి. కొన్నాళ్ళకు వాటిని తేవడమే మానుకున్నారు. మావాడు యీ ముక్క చెప్పేటప్పుడు తన సొంత పెట్టుబడి మునిగినట్టు గొంతు తగ్గించాడు.

ఆ తరువాత చిన్న కార్లతో వాళ్ళెలా పుంజుకున్నారో లోకమెరిగినదే. మరీ పుంజుకున్నారని, 1981లో అమెరికా వొత్తిడిమీద, యేటా పంపే జపాను కార్లకు 16,80,000 అని హద్దు కట్టారు. లెక్క పెంచే వీలు లేనప్పుడు ఖరీదు పెంచడమే దారి గదా! 1983లో టొయోటా పెద్ద ఎయిజీ టొయోడా తన వాళ్ళను సమావేశపరచి, ప్రపంచంలో మేలైన కార్లకు పోటీ నిలిచే కారు మనం చెయ్యగలమా అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతికిన వూరు లగూనా బీచి. మావాడి యింటినుంచి కొండల మధ్య దారిలో అరగంట ప్రయాణం. చిత్రకారుల వూరని దానికి పేరు. కొండవాలున మేడలు, కింద నీలంగా సముద్రం. 1985లో టొయోటా తన మనుషులను పంపి యిక్కడ కాపురం పెట్టించింది. కారు గీయడానికి ముందు, కొనబోయేవాడు యెలా బతుకుతున్నాడో చూసి రమ్మని. పిల్లనిచ్చేముందు పెద్దలు ఆ వూరు వెళ్ళి నాలుగు రోజులు వుండి చూసి వచ్చినట్టు! టొయోపెట్ నాడు చెయ్యని పని యిదే.

అలా పుట్టిన లెక్సస్ 1989 సెప్టెంబరులో, 35,000 డాలర్ల ఖరీదుతో అంగట్లోకి వచ్చింది. మూత మీద షాంపేన్ గ్లాసులు గోపురంలా పేర్చి, చక్రాలు పరుగులో వుండగా ఒక్క చుక్క వొలకలేదని ప్రకటనలో చూపించారు. మూడు నెలలకే లోపాలు బయటపడి, సుమారు 8,000 కార్లు వెనక్కి పిలవవలసివచ్చింది. పరువు పోవలసిన చోట పేరు వచ్చింది. కంపెనీవారే యింటికి వచ్చి కారు తీసుకుపోయి, బాగుచేసి, కడిగి, పెట్రోలు నింపి మరీ గుమ్మంలో నిలిపారు. 2000 నుంచి 2010 దాకా అమెరికాలో ఖరీదైన కార్ల అమ్మకంలో లెక్సస్‌దే మొదటి చోటు.

"మరి యింకేం?" అన్నాడు మావాడు.

యింకా వుంది. లెక్సస్ గెలిచింది సరసమైన ధరమీద. అదే తరగతి బెంజికంటే యెన్నో వేల డాలర్లు తక్కువకు వచ్చింది. పట్టుచీర బేరమాడి కొన్నామని పేరంటంలో గొప్పగా చెప్పుకుంటాం. వజ్రాల నెక్లెసు చవగ్గా కొట్టేశామని యెవరైనా చెప్పుకుంటారా? ఆ గుమ్మంలో అమ్ముడయ్యేది కారు కాదు, పాతకాలపు పేరు. కార్ల పనితనంలో యెవరికీ తీసిపోని జర్మనులు కూడా ఆ మెట్టు యెక్కడానికి యింగ్లీషు పేర్లు కొనుక్కున్నారు. యిప్పుడు రోల్స్‌రాయిస్ బి.ఎం.డబ్ల్యు. వారిది, బెంట్లీ వోక్స్‌వాగన్ వారిది. బెంజివారు తమ పాత పేరు మైబాక్‌ను 2002లో వేరే కారుగా నిలబెట్టి, పదేళ్ళకు మూసుకున్నారు. లెక్సస్‌వారే ఎల్.ఎఫ్.ఎ. అనే పందెపు కారు 3,75,000 డాలర్లకు పెట్టి, 2012 దాకా 500 మాత్రం చేశారు. 2017లో కూడా అమెరికా దుకాణాల్లో యింకా కొన్ని కొత్తవి మిగిలి వున్నాయి. యిప్పుడు వాటికి అసలు ధరకు రెట్టింపు, అంతకు మించీ పలుకుతోందని మావాడు గుర్తుచేశాడు. నిజమే. కాని తయారుచేసినవాడికి ఆ డబ్బు రాదుగా!

జపానువారి అసలైన రాజసం నేను దారిలో టోకియోలో చూశాను. పెద్ద బ్యాంకులుండే మరునౌచి పేటలో ఒక మేడముందు నల్లని కారు ఆగింది. తెల్లని చేతితొడుగుల డ్రైవరు దిగి వెనక తలుపు తీశాడు. కిటికీలకు లేసు తెరలు. దిగిన పెద్దమనిషి యెటూ చూడకుండా లోపలికి వెళ్ళాడు, యెవరూ ఆగి చూడలేదు. అది టొయోటావారి సెంచురీ. మగ్గాలు కనిపెట్టిన మూలపురుషుడు సాకిచీ టొయోడా పుట్టి నూరేళ్ళయిన గుర్తుగా, 1967లో మొదలైంది. ముందు ఫీనిక్స్ పక్షి ముద్ర. సీట్లకు తోలు కాదు, వున్ని బట్ట. తోలు కదిలితే కిర్రుమంటుందట. మగ్గం కులదైవమైన యింట బట్టకు పెద్దపీట వెయ్యడం నాకు ముచ్చటేసింది.

2025 అక్టోబరులో ఆ వంశంవాడే అకియో టొయోడా, సెంచురీని లెక్సస్‌కంటే పైమెట్టున, విడి పేరుగా నిలిపి, జపానునుంచి లోకానికి చూపిస్తామని ప్రకటించాడు. నా మటుకు నాకు, పది పదిహేనేళ్ళు నష్టానికి ఓర్చి, తెరలూ వున్ని బట్టా మానకుండా అమ్మితే, అమెరికాలో యేటా కొన్ని వందలమంది కొంటారనిపిస్తుంది. గుమ్మం కోసం తళుకులు అద్దితే ఆ కొద్దిమందీ దక్కరు. మావాడికి యీ తీర్పు రుచించలేదు. సాక్ష్యం చూపిస్తానని, ఒక శనివారం తన ఆఫీసులో పనిచేసే అమెరికన్ పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళాడు.

కంపెనీవారు సెంచురీని అమెరికాలో అమ్మలేదు గాని, 25 యేళ్ళు నిండిన కారును యెవరైనా తెప్పించుకునేందుకు అక్కడి చట్టం వొప్పుకుంటుంది. యీయన అలా తెప్పించిన పన్నెండు సిలిండర్ల సెంచురీ అది. నన్ను వెనక యెడమవైపు కూర్చోబెట్టారు. అదే యజమాని స్థానం. యిక్కడ మామూలుగా ఆయన కుక్కదట. ఆయన తానే నడుపుతాడు, రాజుగారి చోటు కుక్కకు మిగిలింది. ముందు సీటు వీపులో ఒక తలుపు తీస్తే, కాళ్ళు అందులోంచి ముందుకు చాపుకోవచ్చు. బూట్లు విప్పి చాపాను. యింజను వున్నదీ లేనిదీ తెలియలేదు.

సముద్రపుటొడ్డున ఒక హోటలు గుమ్మంలో ఆగాం. నౌకరు కుర్రాడు అలవాటు ప్రకారం యెడమవైపు ముందు తలుపు తీశాడు. అక్కడ స్టీరింగూ లేదు, మనిషీ లేడు. మేజోళ్ళతో నా పాదాలు రెండు వున్నాయి. అటు తిరిగి వచ్చి తాళంచెవి అందుకున్నాడు గాని, కుడిచేతి స్టీరింగు తనకు అలవాటు లేదని తిరిగి యిచ్చేశాడు. అలా సెంచురీ గుమ్మంలోనే, ఒక బెంట్లీ పక్కన నిలిచిపోయింది.

మావాడు చొక్కా సర్దుకున్నాడు. వరండాలో కాఫీ తాగుతూ చూస్తూ కూర్చున్నాం. బెంట్లీ పక్కన నిలబడి యిద్దరు ఫోటో తీయించుకున్నారు. కాసేపటికి ఒక ముసలావిడ వచ్చి, నల్లని బండినీ తెల్లని తెరలనూ తేరిపార చూసి, యెవరు పోయారు నాయనా అని కుర్రాణ్ణి మెల్లిగా అడిగింది.

మావాడి మొహం చూడాలి! కారు యజమాని మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, యింకో కప్పు కాఫీ తెప్పించుకున్నాడు.