ముక్కుకి అందని విషాలు

వదిన పిట్టగోడ మీద చేట పెట్టుకుని వేరుశనగ పలుకులు ఏరుతోంది. బాగున్నవి డబ్బాలోకి, ముడతపడ్డవీ నల్లబడ్డవీ పక్కనున్న సత్తు గిన్నెలోకి. ఆ గిన్నెలోవి ఎందుకు వదినా, అవతల పారబోయక, అన్నాను.

"ఓలమ్మ, పారబోత్తే ఎలగ? కేజీకి తక్కువుండవు. గానుక్కి ఇచ్చేత్తే నూనొత్తాది. సెక్క పాలోడి గేదికి. ఏదీ ఊరికే పోదు."

మా వీధిలో పొదుపుకి వదిన పెట్టింది పేరు. ఉల్లిపాయ తొక్కు కూడా మొక్కల మొదట్లోకే వెళ్తుంది. కానీ ఈ గిన్నె చూసి నాకు నోరాగలేదు. ఆ నల్లబడ్డ పలుకుల కథ తెలుసా వదినా, అని మొదలెట్టాను. ఆవిడ చెయ్యి ఆపకుండానే "సెప్పు మరి" అంది.

1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు వరసగా చచ్చిపోయాయి. ఏం రోగమో ఎవరికీ అంతుపట్టలేదు. రోగం పేరే 'ఎక్స్' అని పెట్టుకున్నారు. తీగ లాగితే బ్రెజిల్ నుంచి దిగిన వేరుశనగ చెక్క దాణా దగ్గర తేలింది. చెక్కకి బూజు పట్టింది, ఆ బూజు ఒక విషం తయారుచేసింది. అదే అఫ్లటాక్సిన్. పంట చివర్లో వాన మొహం చాటేసి చేను ఎండినా, పీకిన కాయ సరిగ్గా ఆరకుండా బస్తాకెక్కినా ఈ బూజు చేరుతుంది. మనకైతే కోతల వేళకే అల్పపీడనం అంటారు, ఇక చెప్పాలా. ఆ విషం దెబ్బంతా కాలేయానికి. కేన్సర్ తెప్పిస్తుందని తేల్చి చెప్పిన పదార్థాల్లో ఇదొకటి. వేయిస్తే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పాడైన గింజని గానుగాడిస్తే విషం కొంత నూనెలోకి దిగుతుంది, ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క గేదె తింటే ఒకటి రెండు రోజుల్లోనే కాస్త రూపు మార్చుకుని పాలలోకి వచ్చేస్తుంది. పాలు ఎంత మరగబెట్టినా అది అక్కడే ఉంటుంది.

"అంటే నాను పాలోడికి సెక్కిచ్చి, ఆడి పాలే మళ్ళీ కొనుక్కు తాగతన్నానన్నమాట!" వదిన చెయ్యి అప్పుడాగింది.

గానుగ నూనెంటే నాకూ ఇష్టమే. పచ్చి పులుసులో ఆ వాసన లేకపోతే తిన్నట్టే ఉండదు. రిఫైన్డ్ నూనెని క్షారంతో కడిగేటప్పుడు ఈ విషం చాలావరకు పోతుంది. గానుగ నూనెకి ఆ కడుగుడు ఉండదు. కాబట్టి గానుగలో పడే పలుకు శుభ్రంగా ఉండాలి, అంతే సంగతి.

వదిన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "నాకు ముక్కుంది, నాలికుంది. సెడిపోయిందేదో నాకు తెల్దేటి? మాది పలాస. సిన్నప్పట్నుంచి జీడికాయల మద్దెన పెరిగినోలం."

అదీ నిజమే. జీడిగింజ తన విషాన్ని దాచుకోదు. పెంకులో నూనె ఉంటుంది, చేతికి తగిలితే చర్మం కాలి నల్లగా లేచిపోతుంది. అందుకే కాశీబుగ్గలో గింజ కొట్టే ఆడవాళ్ళు చేతులకి బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు. కాల్చో ఆవిరి పట్టో ఆ నూనె గొడవ వదిలించుకున్నాకే పప్పు మన నోటిదాకా వస్తుంది. ఏజెన్సీలో సవరలూ జాతాపులూ చేదు దుంపల్ని చక్రాలుగా తరిగి గెడ్డ నీళ్ళలో నానేసి, చేదంతా పోయాక గానీ ఉడకబెట్టరు. మామిడి టెంక అంబలీ అంతే. లోపలి జీడిని నానబెట్టి, వగరు పోగొట్టి, ఎండబెట్టి పిండి చేసుకుంటారు. ఏ పుస్తకమూ చెప్పకుండా తరాల తరబడి నాలిక చేసిన పరీక్ష ఇది. దీన్ని చులకన చేసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

కానీ ఆ టెంక దగ్గరే నాలిక ఓడిపోయింది కూడా. మన పార్వతీపురం దాటితే రాయగడ జిల్లా. అక్కడి కాశీపూర్ వైపు 2001లో వానాకాలంలో టెంక అంబలి తాగి ఇరవై మందికి పైగా గిరిజనులు పోయారు. సర్కారు టెంకలదే తప్పంది. కాదు, ఆకలి చావులే అని జనం గోల పెట్టారు. నన్నడిగితే రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చినవే. గింజలు నిండుకున్న ఇంట్లోనే కదా చెమ్మకి బూజెక్కిన టెంక పిండిని పారెయ్యబుద్ధి కానిది. వగరు తీయడం వాళ్ళకి తెలుసు. బూజు పెట్టే విషానికి వగరూ లేదు, చేదూ లేదు. 2024లో కంధమాల్ జిల్లాలోనూ మళ్ళీ ఇదే టెంక అంబలి, మళ్ళీ చావులు.

"మడిసి ముక్కు మొద్దుబారిపోనాదేమో గానీ, కుక్కలకైతే తెల్సిపోద్ది," అంది వదిన.

కుక్కల సంగతీ చెప్తా విను. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో అకాల వానలకి తడిసిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది పోయారు. కామెర్లు, పొట్ట నీరు పట్టడం. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉందే, వాళ్ళే వెళ్ళి అది అఫ్లటాక్సిన్ అని పట్టుకున్నారు. ఆ ఇళ్ళలో అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చిపోయాయి. కుక్క ముక్కుకే అందని దాన్ని నీ ముక్కూ నా ముక్కూ ఏం పడతాయి?

మరెలా పడతారు అంటే, మొదట్లో దొరికిన దారి భలే ఉంటుంది. విషాన్ని విడదీసి నల్లదీపం అంటారే, ఆ అతినీలలోహిత కాంతి కింద పెడితే మెరుస్తుంది. నీలంగా మెరిసిన వాటికి బి1, బి2 అనీ, ఆకుపచ్చగా మెరిసిన వాటికి జి1, జి2 అనీ పేర్లు పెట్టారు. పాలలోకి వచ్చేది ఎం1. ఇప్పుడైతే పిండిలోంచి విషాన్ని ద్రావకంతో లాగి, సన్నటి గొట్టంలోంచి ఒత్తిడి పెట్టి పంపుతారు. ఒక్కో పదార్థం దాని టైముకే బయటికొస్తుంది. మన దేశంలో పప్పుధాన్యాలకి కిలోకి 15 మైక్రోగ్రాముల హద్దు పెట్టారు. అంటే టన్ను సరుకులో 15 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పు కంటే తక్కువ. పాలకైతే కిలోకి అర మైక్రోగ్రామే. యూరప్ వాళ్ళు మనిషి తినే వేరుశనగకి 4 దాటనివ్వరు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ళు ఖర్చు బాగా తగ్గించి, చిన్న లాబుల్లో కూడా చేసుకునే పరీక్ష కిట్టు తయారుచేశారు.

ఇక్కడో చిక్కుంది. విషం బస్తా అంతా సమానంగా పరుచుకోదు. వేల పలుకుల్లో ఏ ఒకట్రెండిట్లోనో కుప్పగా ఉంటుంది. మనం గుప్పెడు తీసుకెళ్ళి చూపిస్తే ఆ ఒక్కటీ అందులో పడకపోవచ్చు, "బాగుంది" అని కాగితం చేతికొస్తుంది. అందుకే యూరప్‌లో పెద్ద సరుకైతే అక్కడక్కడ తీసి 20 కిలోల దాకా పోగుచేసి, పిండి ఆడించి మరీ చూస్తారు. యంత్రం ఎంత గొప్పదైనా బస్తాలో చెయ్యి ఎక్కడ పెట్టామన్నదే అసలు కథ.

ఇంకో చిక్కు దీనికంటే పెద్దది. యంత్రం నువ్వు అడిగినదానికే జవాబు చెబుతుంది. ఫలానా విషం కోసం వెతకమంటే, ఆ విషం అసలు నమూనా పక్కన పెట్టుకుని పోల్చి చూస్తారు. ఏం వెతకాలో చెప్పకుండా 'ఇందులో ఏముందో చూడండి' అంటే, సిరిమాను ఉత్సవం నాటి జనంలో మొహం తెలియని మనిషిని వెతకమన్నట్టే.

ఏలూరు గుర్తుందా వదినా? 2020 డిసెంబరు మొదటి వారంలో ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. మూడు నుంచి ఐదు నిమిషాలు ఫిట్స్, తర్వాత ఏమీ గుర్తుండకపోవడం. పిల్లాపెద్దా కలిపి ఆరువందల మందికి పైనే. ముందు వైరస్ ఏమో అని చూశారు, కాదు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో లోహాల కోసం వెతికారు, సీసం, నికెల్ కనిపించాయి. పోషకాహార సంస్థ వాళ్ళు పురుగుమందుల కోసం వెతికారు, వాటి అవశేషాలు కనిపించాయి. నాగపూర్ నుంచి నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు నీళ్ళు పట్టుకెళ్ళారు. ఎవరు దేనికోసం వెతికితే వాళ్ళకి అది దొరికింది. చివరికి నిపుణుల వేలు పురుగుమందుల వైపే ఎక్కువ చూపింది.

"మరి మా ఉద్దానం మాటేటి? ఎన్నేళ్ళబట్టి నీళ్ళట్టుకెల్తన్నారు!"

దీనికి నా దగ్గర వదిన నోరు మూయించే జవాబు లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు... కిడ్నీ జబ్బు లేని వీధి ఉందా అక్కడ? బోరు నీళ్ళలో సిలికా అన్నారు, సీసం అన్నారు, తోటల్లో కొట్టే మందులన్నారు, ఎండలో పనిచేసి నీళ్ళు చాలక అన్నారు. మన డాక్టర్లు చూశారు, విదేశాల యూనివర్సిటీల వాళ్ళు చూశారు. ఇదే కారణం అని అందరూ ఒప్పుకున్న మాట ఒక్కటీ రాలేదు. ఆహారంలో ఒక్కసారిగా వచ్చిపడే విషం వేరు, ఇరవై ఏళ్ళు కొంచెం కొంచెంగా ఒంట్లోకి వెళ్ళేది వేరు. రెండోదాన్ని ఇవాళ్టి నీళ్ళ సీసాలో పట్టుకోవడం కష్టం. ఈలోగా చేసింది మాత్రం తెలివైన పనే. కారణం తేలేదాకా ఆగకుండా హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్ల పథకంతో నది నీళ్ళు తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు.

"మా అన్నయ్య ఆ నీలే తాగతన్నాడు," అంది వదిన. కాసేపాగి, "అయితే మనింట్లో సూసుకునే పరీచ్చలేవీ లేవేటి?"

ఉన్నాయి, కానీ కల్తీకి. పసుపు నీళ్ళలో యాసిడ్ చుక్క వేస్తే గులాబీ రంగు తిరిగి, నీళ్ళు కలిపినా ఆ రంగు పోకపోతే మెటానిల్ రంగు కలిసినట్టు. ఇలాంటివన్నీ ఫుడ్ సేఫ్టీ వాళ్ళు పుస్తకంగా వేశారు. కార్బైడ్ మామిడికాయకీ కొన్ని గుర్తులు చెబుతారు. తోలంతా ఒకేలా పసుపు, కోస్తే లోపల గట్టిగా పులుపు అని. వేసవిలో మన కొత్తవలస కాయ కొనేటప్పుడు అంతమాత్రం పనికొస్తుంది. బూజు విషానికీ పురుగుమందుకీ మాత్రం ఇంటి పరీక్ష లేదు. లాబుకి వెళ్ళాల్సిందే.

"మనలాటోలకి లాబోలు సేత్తారేటి?"

చేస్తారు వదినా, చట్టమే ఉంది. 2006 ఆహార భద్రత చట్టం, 40వ సెక్షన్. కొన్నవాళ్ళెవరైనా ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు బాగాలేదని తేలితే ఆ ఫీజు తిరిగిచ్చేస్తారు. ఒక్కటే షరతు. దీన్ని పరీక్షకి పంపిస్తానని కొనేటప్పుడే కొట్టువాడికి చెప్పాలి.

వదిన నవ్వాపుకోలేకపోయింది. "అలగ సెప్తే ఆడు లోపలికెల్లి మేలైన సరుకు తీసిత్తాడు గానీ, పుచ్చుది ఇత్తాడేటి?"

"ఇవ్వడు కదా? మరింకేం, రోజూ అలాగే చెప్పి కొను."