మాట్లాడుతూ పరుగెత్తండి!

పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. తెల్లవారుజామున సికింద్రాబాద్ వైపు వెళ్తే మాత్రం ఆ మాట వినేవాళ్లు తక్కువేననిపిస్తుంది! పరేడ్ గ్రౌండ్స్ చుట్టుపక్కల, సంజీవయ్య పార్కు దగ్గర, హుస్సేన్ సాగర్ అంచునే సాగే నెక్లెస్ రోడ్డు మీద... ఎటు చూసినా బూట్ల చప్పుడే.

చిక్కల్లా కొత్తవాళ్లతోనే. షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్పాకో, కొత్త సంవత్సరం రోజునో ఒట్టు పెట్టుకుని వస్తారు. పక్కనున్న కుర్రాణ్ని చూసి పరుగందుకుంటారు. రెండు నిమిషాలకే రొప్పు, వారానికి మోకాలి నొప్పి, రెండోవారానికి బూట్లు అటకమీదికి! ‘పరుగు మన ఒంటికి పడదు’ అని తేల్చేస్తారు. పడనిది వేగమేనని వాళ్లకెవరూ చెప్పరు.

ఎంత వేగం?

దీనికి గడియారం అక్కర్లేదు. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. ముక్కలు ముక్కలుగా మాట వస్తుంటే తగ్గించాలి. మామూలుగా చురుకైన నడకలో కిలోమీటరుకు పది పన్నెండు నిమిషాలు పడుతుంది. కొత్తవాళ్లు ఎనిమిది, తొమ్మిది నిమిషాల్లో పరుగెత్తినా తక్కువేం కాదు.

ఇంత నిదానం ఎందుకంటే... గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలు, కండరాల్ని వాటికి పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని జోరు పెంచితే దెబ్బ తగిలేది అక్కడే.

నడక తప్పు కాదు

1996లో అమెరికాకు చెందిన జోష్ క్లార్క్ తయారుచేసిన ‘కౌచ్ టు 5కె’ పద్ధతి మొదలయ్యేదే నడకతో. ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడవాలి. తర్వాత 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక... ఇలా 20 నిమిషాలు. వారానికి మూడు రోజులు చాలు. తొమ్మిది వారాల్లో ఆగకుండా అరగంట పరుగెత్తేలా చేయడమే దీని లక్ష్యం.

నిదానం గొప్పతనం పెద్ద పెద్ద కోచ్‌లకీ ఆలస్యంగానే తెలిసింది. తర్వాతి కాలంలో నైకీ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన బిల్ బోవర్‌మన్ 1960ల మొదట్లో న్యూజిలాండ్ వెళ్లాడు. అక్కడి కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ప్రోత్సాహంతో జాగింగ్ చేస్తున్న సామాన్యులతో కలిసి పరుగెత్తి వెనకబడిపోయాడు. పాపం, ఆయనకు తోడుగా ఆగింది డెబ్భై దాటిన ఓ పెద్దాయన! అమెరికా తిరిగొచ్చి బోవర్‌మన్ జాగింగ్‌కి పెద్ద ప్రచారకుడైపోయాడు.

ఎక్కడ మొదలు?

జంటనగరాల్లో ఎత్తుపల్లాలెక్కువ. కాబట్టి మొదటి నెల చదునుగా ఉండే నెక్లెస్ రోడ్డు లాంటి చోటే మేలు. ఎత్తు వస్తే వేగం తగ్గించుకోవాలి. వేసవిలో సూర్యుడికంటే ముందే ముగించాలి. గుండెజబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాల్సిందే.

ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 42 కిలోమీటర్లు పూర్తిచేసే వాళ్లలోనూ మధ్యమధ్యలో నడిచేవాళ్లుంటారు. వాళ్లూ గమ్యం చేరుతూనే ఉన్నారు. రేపు మళ్లీ పరుగెత్తాలనిపించేలా ఈ రోజు ఆపగలిగితే... నిదానంగా వెళ్లీ పాలు తాగొచ్చు!