అంగుళం పానాలు

పద్నాలుగు నెలలుగా ఒక కారు కోసం వెతుకుతున్నాను. దాని పేరు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని కొవెంట్రీలో, కాన్లీ కర్మాగారంలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. నేనుండే ఊరికి కాన్లీ పది మైళ్ళ దూరం కూడా ఉండదు. ఆ కర్మాగారం ఇప్పుడు లేదు. అక్కడినుంచి బయటికి వచ్చిన మూడు లక్షల పద్నాలుగు వేల పైచిలుకు బండ్లలో మిగిలినవి కొన్ని నిగనిగలాడుతూ ఎండాకాలపు ఆదివారాల్లో రోడ్డెక్కుతాయి. మరికొన్ని పాత గ్యారేజీల్లో, టార్పాలిన్ల కింద తుప్పు తింటూ ఉంటాయి. నాకు కావలసింది ఆ రెండో రకం. కొని, విప్పి, బాగుచేసి నడపాలని కోరిక.

ఈ మాట విన్న మిత్రుల్లో కొందరు నవ్వుతారు, కొందరు జాలిపడతారు. ఏడాదిలో సగం రోజులు చినుకులు పడే దేశంలో గుడ్డ కప్పు బండి ఏమిటయ్యా అన్నాడొకాయన. మా ఆవిడ ఇంకో అడుగు ముందుకు వేసి, "ఇద్దరే పడతారు కదండీ, మరి పిల్ల ఎక్కడ కూర్చుంటుంది?" అని అడిగింది. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. వాటికి నా దగ్గరున్న జవాబు బెజవాడలో మొదలవుతుంది.

మీలో యాభై దాటినవారికి స్టాండర్డ్ హెరాల్డు గుర్తుండే ఉంటుంది. అంబాసిడరు, ఫియట్టు తప్ప మరో కారు కనబడని రోజుల్లో అప్పుడప్పుడు మెరిసిపోయే మూడో కారు అది. ట్రయంఫ్ హెరాల్డు ఇంగ్లండులో 1959లో విడుదలైంది. రూపకర్త జొవాన్నీ మికెలొట్టి అనే ఇటలీవాడు. 1961 నుంచి దాన్నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 948 సీసీ ఇంజనుతో మన దేశానికి తయారుచేశారు. మొదట రెండు తలుపులే ఉండేవి. ముందు మనిషి లేచి సీటు మడిస్తే తప్ప వెనక మనిషి ఎక్కలేని ఏర్పాటు మనవాళ్ళకు రుచించలేదు కాబోలు, తరువాత ఇక్కడివారి కోసమే నాలుగు తలుపుల హెరాల్డు కూడా తెచ్చారు.

ఆ కారులో మెకానిక్కులందరికీ ముచ్చటైన సంగతి ఒకటుండేది. దాని బానెట్టు రెండు పక్కల మడ్గార్డులతో సహా మొత్తం ముందుకు ఒరిగిపోయేది, మొసలి నోరు తెరిచినట్టు. ఇంజను, ముందు చక్రాలు, స్టీరింగు కడ్డీలు అన్నీ ఎదురుగా కనబడేవి. ముందు టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. నడుం వంచనక్కరలేదు.

స్పిట్‌ఫైరు ఈ హెరాల్డుకు తోబుట్టువు. హెరాల్డు ఛాసిస్‌నే పొట్టిచేసి, దాని మీద రెండు సీట్ల ఒళ్ళు తొడిగాడు మికెలొట్టి. కంపెనీ దగ్గర డబ్బులేక ఆ నమూనా కర్మాగారంలో ఒక మూల దుప్పటి కప్పుకుని పడి ఉండేదట. 1961లో లేలాండ్ వాళ్ళు కంపెనీని కొన్నాక, వారి అధికారులు తిరిగి చూస్తూ దుప్పటి ఎత్తారు. మరుసటి ఏడు అక్టోబరులో అది లండన్ మోటారు ప్రదర్శనలో నిలబడింది. ఇంజనుదీ అదే వంశం. 1953లో 803 సీసీతో పుట్టి, 948, 1147, 1296 అని పెరుగుతూ 1493 దాకా వచ్చింది.

ఇక్కడి ఒక పల్లెటూరి జాతరలో ఒక పెద్దాయన తన స్పిట్‌ఫైరు బానెట్టు ముందుకు వాల్చగానే నేను ఆగిపోయాను. ఆ బండిని అంతకు ముందు ఎన్నడూ దగ్గరగా చూసినవాణ్ణి కాను. అది నోరు తెరిచే తీరు మాత్రం ఆరేళ్ళ వయసునుంచీ ఎరుగుదును.

మా నాన్న 1961లో, పదిహేనేళ్ళ వాడుగా, గవర్నరుపేటలో ఒక షెడ్డులో హెల్పరుగా చేరాడు. తరువాత ఆటోనగర్‌లో సొంత షెడ్డు పెట్టాడు. చుట్టుపక్కల హెరాల్డున్న డాక్టర్లు, ప్లీడర్లు చాలామంది ఆయన దగ్గరికే వచ్చేవారు. సెలవురోజుల్లో క్యారేజీ పట్టుకెళ్ళడం నా పని. చూడటానికి అనుమతి ఉండేది, ముట్టడానికి ఉండేది కాదు. ఒకసారి కింద పడ్డ పానా తీసి అందించబోతే, "పెట్టు కింద. నీ చేతికి పుస్తకం తప్ప ఇంకోటి కనబడకూడదు" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉందనుకున్నాను. ఆ ముందు ఏడే ఆయన కింద పనిచేసే కుర్రాడొకడు ఫ్యాను బెల్టులో రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడని చాలా ఏళ్ళ తరువాత అమ్మ చెప్పింది.

చదువుకున్నాను. కంప్యూటర్ల పనిలో పడ్డాను. ఈ దేశం వచ్చాను. నాన్న అనుకున్నట్టే నా చేతులకు మరక అంటలేదు. యాభయ్యో ఏట మాత్రం ఆ మరక కావాలనిపించింది.

వెతుకులాట మొదలుపెట్టినప్పుడు నాన్నకు ఫోను చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పెయింటు చూడకు. తలుపు చూడు" అన్నాడు.

ఆ మాట విలువ కెంట్‌లో చూసిన మొదటి బండి దగ్గరే తెలిసింది. ఎర్రటి బండి, అద్దంలా ఉంది. తలుపు చుట్టూ ఉండే సందు కింద వేలు పట్టేంత ఉంటే, పైన కాగితం కూడా దూరనంత బిగుసుకుపోయింది. స్పిట్‌ఫైరులో ఇది చిన్న సంగతి కాదు. హెరాల్డు ఛాసిస్‌కు పక్కల ఆనుడు కమ్ములుంటాయి. దీన్ని పొట్టిచేసినప్పుడు వాటిని తీసేశారు. తలుపుల కింద నిలువునా పోయే పెట్టెల్లాంటి రేకు పట్టీలే ఒంటి బరువును మోస్తాయి. అవి తుప్పు పట్టి తింటే బండి నడుమ దగ్గర కుంగుతుంది, తలుపు సందు పైన మూసుకుపోతుంది. జేబులోంచి అయస్కాంతం తీసి పట్టీకి ఆనించాను. జారి కింద పడింది. రేకు ఉండవలసిన చోట లప్పం ఉంది, దాని మీద ఎర్ర రంగు ఉంది. పైన పటారం, లోన లొటారం. అడిగిన ధర ఏడువేల పౌన్లు.

సాయంత్రం నాన్నకు ఈ పట్టీల సంగతి వివరించాను. ఆయన స్పిట్‌ఫైరును కంటితో చూడలేదు. కాస్త ఆలోచించి, "అయితే కమ్ములు పీకేసి ఆ బరువు రేకు మీద వేశారన్నమాట. పట్టీ కోసేటప్పుడు బండిని నాలుగు చోట్ల ఆనించకుండా కోస్తే ఇక తలుపు జన్మలో పడదు" అన్నాడు. ఇక్కడి పుస్తకాలు రెండు పేజీల్లో బొమ్మలతో చెప్పిన హెచ్చరిక సరిగ్గా అదే.

లాంకషైర్‌లో చూసిన రెండోది తెల్లది, 1500 మోడలు. పట్టీలు బాగున్నాయి. ఆ పెద్ద ఇంజనులోనూ క్రాంకు షాఫ్టుకు మూడే మెయిన్ బేరింగులు. అందుకని ఒక పరీక్ష చేయాలి. ఒకరు క్లచ్చి తొక్కుతుంటే మరొకరు ముందు పుల్లీని చూడాలి. క్లచ్చి తొక్కినప్పుడల్లా పుల్లీ కంటికి కనబడేంత ముందుకు జరిగితే, లోపలి థ్రస్టు వాషర్లు అరిగిపోయినట్టు. అవి జారి కింద పడ్డాక కూడా నడిపితే ఇంజను దిమ్మే పాడవుతుంది. ఇక్కడ పుల్లీ బాగానే జరిగింది. ఇంజను తిరుగుతుండగా ఫోను దగ్గర పెట్టి నాన్నకు వినిపించాను. అటునుంచి, "వేడెక్కనివ్వు... ఇప్పుడు కొంచెం ఎక్కించు... వదులు" అని సూచనలు. వదిలినప్పుడు లోపలినుంచి సన్నగా ఒక దడదడ. "బిగ్ ఎండ్ పోయిందిరా. వాళ్ళకి నమస్కారం పెట్టి వచ్చేయ్" అన్నాడు. అమ్మేవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. అయిదువేల మైళ్ళ దూరంలో, ఎనభై దగ్గరపడ్డ ఒక మనిషి, ఎన్నడూ చూడని బండి గుండె చప్పుడు విని రోగం చెప్పాడు. పద్నాలుగు నెలల్లో నాకు అన్నిటికంటే గర్వం కలిగించిన క్షణం అదే.

ఆ రోజునుంచి ఆయన ఫోనుకోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడని అమ్మ చెప్పింది. ఇన్నేళ్ళుగా మా మాటలు ఆరోగ్యం, వాతావరణం, డబ్బు అందిందా అన్న మూడింటి మధ్యే తిరిగేవి. ఇప్పుడు గంటసేపు వెనక చక్రాల గురించి మాట్లాడుకుంటున్నాం. హెరాల్డు వెనక అడ్డంగా ఒకే కమాను కట్ట ఉంటుంది. మలుపులో వేగంగా పోతూ ఉన్నట్టుండి కాలు తీస్తే వెనక చక్రం లోపలికి మడుచుకుంటుంది. మన దగ్గర ఈ పద్ధతి మెకానిక్కులకూ నచ్చలేదు, కొన్నవాళ్ళకూ నచ్చలేదు. అందుకే 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌కు మామూలు ఇరుసు వేశారు. ఇంగ్లండువాళ్ళు ఇరుసు మార్చకుండా, 1970లో వచ్చిన స్పిట్‌ఫైరు నాలుగో మార్కులో ఆ కమాను కట్ట అమరికనే మార్చి చక్రాన్ని అదుపులో పెట్టారు. ఈ సంగతి చెబితే నాన్న, "కట్టనే వదులు చేశారా! మాకు తట్టలేదే" అని రెండు మూడు సార్లు అన్నాడు. యాభై ఏళ్ళనాటి లెక్కకు జవాబు దొరికినట్టుంది ఆయన గొంతు. నేను నాలుగో మార్కు బండే కొనాలని నిర్ణయించుకున్నది కూడా అందుకే.

ఆయన నాకు మరీమరీ చెప్పింది ట్రనియన్ సంగతి. ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కిందికొస మరల మరలుగా ఉండి ఒక ఇత్తడి దిమ్మలో తిరుగుతుంది. ఆ దిమ్మలో చిక్కటి గేరాయిలు పోయాలి. గ్రీజు గన్ను చేతిలో ఉంది కదా అని చాలామంది గ్రీజు కొట్టేస్తారు. అది లోపలికి పాకదు, గట్టిపడుతుంది. కడ్డీకి నీరు పట్టి, తుప్పెక్కి, ఒకనాడు పుటుక్కున విరుగుతుంది. బందరు రోడ్డు మీద అలా చక్రం ముడుచుకుని మోకాళ్ళ మీద కూలబడ్డ హెరాల్డును ఎడ్లబండి వెనక కట్టి తెచ్చుకున్న రోజు నాన్నకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ఇక్కడ ఈ బండ్లకు చట్టం కూడా అనుకూలమే. నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి 2018 మే నుంచి ఏటేటా తనిఖీ తప్పనిసరి కాదు, రోడ్డు పన్నూ లేదు. 2005 నుంచి జరిగిన తనిఖీల చిట్టా ఎవరైనా చూసుకోవచ్చు. విడిభాగాలు దాదాపు అన్నీ కొత్తవి దొరుకుతాయి. నాన్నకు ఇది నమ్మశక్యం కాలేదు. గజెల్ 1977లో ఆగిపోయాక ఆయన ఏ భాగమైనా వేరే బండిది తెచ్చి అరగదీసి అమర్చాడు, లేదా లేతు మీద చేయించాడు. ఇక్కడివారు మొదటి రంగు, మొదటి సీటు గుడ్డ అంటూ పట్టుబట్టడం చూసి నవ్వుతాడు. "బండి అన్నాక నడవాలి. మిగతాదంతా అలంకారం" అంటాడు. నేను ఆ రెండు మతాల మధ్య ఎటూ తేల్చుకోలేదు. పాత రేకు ఎంత కోసి పారేశాక అది అదే బండి కాకుండా పోతుందో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. తుప్పును దాచిన బండికంటే తుప్పు చూపించే బండి మేలన్న మాట మీద మాత్రం మేమిద్దరం ఒక్కటే.

అలాంటిది పోయిన నెల ష్రాప్‌షైర్‌లో దొరికింది. 1973 నాటిది, నాలుగో మార్కు, నీలం రంగు. 1994 నుంచి కదలలేదు. నేలరేకు పోయి కాళ్ళ కింద గడ్డి కనబడుతోంది. పట్టీలు రెండూ తిన్నాయి. లప్పం ఎక్కడా లేదు. తలుపు సందు పైనుంచి కిందికి ఒకే తీరుగా ఉంది. యజమాని విశ్రాంత ఉపాధ్యాయుడు. చేసిన ప్రతి పనినీ తేదీతో రాసుకున్న నోటుపుస్తకం చేతికిచ్చాడు. ఆరునెలలకొకసారి "ట్రనియన్లకు నూనె" అని పద్దు. ఆ పేజీ ఫొటో తీసి నాన్నకు పంపాను. "ఈయన మనవాడే" అని జవాబొచ్చింది.

ధర 2,200 పౌన్లు. బాగుచేయడానికి అంతకు రెండింతలు. వచ్చే సెప్టెంబరులో అమ్మాయి కాలేజీ. మా ఆవిడ కాగితం మీద లెక్కవేసి, పక్కన పెట్టి, "ఇది మీకోసమా, మావయ్యగారి కోసమా?" అని అడిగింది. ఆయన చేతులు రెండేళ్ళుగా వణుకుతున్నాయి. గ్లాసు పట్టుకోవడమే కష్టం. విమానం ఎక్కి ఇక్కడికి రాలేడు. ఈ బండిని ఆయన ఎన్నడూ ముట్టడు. నేను జవాబు చెప్పలేదు. ఆమె కాసేపు చూసి, "ఈ ఏడు ఇండియా ప్రయాణం మానేద్దామనకండి, అంతే" అని కాగితం మడిచి సొరుగులో పెట్టింది.

బయానా ఇచ్చాను. వచ్చే శనివారం ట్రెయిలరు మీద తెస్తున్నాను.

మొన్న బెజవాడనుంచి వచ్చిన మా పిన్ని కొడుకు ఆవకాయ జాడీతో పాటు ఒక బరువైన మూట తెచ్చాడు. విమానాశ్రయంలో దాన్ని రెండుసార్లు విప్పించారట. పాత పంచె ముక్కలో చుట్టిన పానాలు. అన్నీ అంగుళం కొలతలవి. మారుతులు వచ్చి మిల్లీమీటర్ల కాలం మొదలయ్యాక ఆయనకు వాటితో పెద్దగా పని పడలేదు, కానీ ఏటా దసరాకు నూనె రాసి పూజలో పెట్టేవాడు. ఏడు బై పదహారు, అర, తొమ్మిది బై పదహారు. స్పిట్‌ఫైరు మరలకు కావలసినవి సరిగ్గా అవే.

అందాయని చెప్పడానికి ఫోను చేశాను. పానాల మాట ఎత్తలేదాయన. "మొదట బ్యాటరీ తీగ విప్పు. చెయ్యి ఫ్యాను దగ్గర పెట్టకు" అన్నాడు. తరువాత కాస్త ఆగి, "గ్రీజు కాదురోయ్, గేరాయిలు" అన్నాడు.