ఇది ఎన్నో సొరంగం?

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలెక్కితే పెద్దలూ పిల్లలూ సొరంగాలు లెక్కపెట్టడంలో మునిగిపోతారు. ‘ఇది ఎన్నో సొరంగం?’ అని ఒకరినొకరు అడుగుతుంటారు. ఇంత చిన్న ప్రశ్నను ఇంగ్లీషులో అడగమంటే బాగా చదువుకున్నవారు కూడా తడుముకుంటారు. మన ‘ఎన్నో’కి సరిపోయే వాడుక మాట ఆ భాషలో లేదు మరి. ‘ఇప్పటికి ఎన్ని దాటాం?’ అని దారి మళ్లించి, ‘హౌ మెనీ టనెల్స్ హావ్ వి పాస్డ్?’ అనాల్సిందే. అంతమాత్రాన ఇంగ్లీషు తక్కువ భాష అయిపోతుందా? మన పిల్లలు ఇంగ్లీషులో ఓ మాట అటూ ఇటూ చేస్తే మాత్రం ‘బుర్ర లేదు’ అనేస్తాం!

ఆ కొండల్లో కొన్నేళ్లు నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. అక్కడి పిల్లల్లో కొందరికి ఇంట్లో కువి, కొందరికి కొండ భాష. సంతకెళ్తే ఆదివాసీ ఒడియా. బళ్లో తెలుగు. ఇక ఇంగ్లీషు వాళ్లకు ఎన్నో భాషో మీరే లెక్కపెట్టండి.

వాళ్లు ‘ఐ మార్కెట్ గోయింగ్’ అని రాసేవారు. ఎందుకంటే ఆ భాషలన్నిటిలోనూ క్రియ సాధారణంగా వాక్యం చివరే కూర్చుంటుంది. ‘నేను సంతకు వెళ్తున్నాను’ అన్నట్టే. అది తెలివితక్కువతనం కాదు, అలవాటు.

అందుకే ఎలుగుబంటి పాఠం మొదలుపెట్టాను. ‘తాత ఎలుగుబంటిని తరిమాడు’, ‘ఎలుగుబంటిని తాత తరిమాడు’... మాటలు ఎటు మార్చినా మన తాతకేం ప్రమాదం లేదు. ‘ని’ అనే ఒక్క అక్షరం ఆయన్ని కాపాడుతుంది. ఇంగ్లీషులో ఆ ‘ని’ లేదు. మాట కూర్చున్న చోటే దాని అర్థం. ‘గ్రాండ్‌ఫాదర్ చేజ్‌డ్ ద బేర్’ అన్నదాన్ని ‘ద బేర్ చేజ్‌డ్ గ్రాండ్‌ఫాదర్’ అని తిప్పితే తాత పరుగో పరుగు! తరగతంతా నవ్వింది. ఆ తర్వాత క్రియను మధ్యలో పెట్టమని పదేపదే చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇంకో చిక్కు ప్రశ్నల్లో వస్తుంది. ‘నువ్వు అరకు వెళ్తున్నావు’, ‘నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?’ మనకు ఊరిపేరు ఉన్నచోటే ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ప్రశ్న ముందుకొస్తుంది, ‘ఆర్’ కూడా ‘యు’ కంటే ముందుకు దూకుతుంది. ‘వేర్ ఆర్ యు గోయింగ్?’ అదే ‘టెల్ మీ’ అని మొదలుపెడితే మళ్లీ ‘వేర్ యు ఆర్ గోయింగ్’. పట్నం పిల్లలూ తడబడేది ఇక్కడే.

ఆఖరి బెంచీలో ఓ అమ్మాయి ఉండేది. ఎవరైనా నవ్వుతారేమోనని నోరు విప్పేది కాదు. ఓరోజు లేచి, ‘మాస్టారూ, ‘వి’ అంటే మనమా, మేమా?’ అంది. ‘రెండూనమ్మా’ అన్నాను. ‘మరి నన్ను కూడా రమ్మంటున్నారో లేదో ఎలా తెలుస్తుంది?’ అంది. ఎంత మంచి ప్రశ్న! తెలుగులోలాగే ఆమె ఇంటి భాష అయిన కొండలోనూ ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. అరకు ప్రాంతంలో తిరిగి ఆ భాషను శ్రద్ధగా పరిశీలించిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి దాని వ్యాకరణాన్ని 1969లో పుస్తకంగా తెచ్చారు. లిపి లేనంత మాత్రాన వ్యాకరణం లేకుండా పోదని ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

సరైన ఇంగ్లీషు అక్కర్లేదని కాదు. ప్రవేశ పరీక్షలోనైనా, ఇంటర్వ్యూలోనైనా, అరకు చూడవచ్చే పర్యాటకుడితో మాట్లాడాలన్నా అది కావాలి. తప్పు దిద్దాల్సిందే. కానీ ఆ తప్పు ఏ భాష నుంచి నడిచొచ్చిందో చూసి దిద్దితే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. నవ్వి దిద్దితే తప్పుతో పాటు మాట కూడా పోతుంది. ఈసారి మీ ఇంట్లో పిల్లలు ఇంగ్లీషులో తడబడితే, ముందు ఆ ‘ఎన్నో సొరంగం’ మీరు ఇంగ్లీషులో అడిగి చూడండి!